రెండు తెల్ల సున్నాలు

డిటెక్టివ్ నిరంజన్‌కి కళ్ళు ఉండేవి కావు.
అంటే, ఉండే ఉంటాయి,
నూట నలభై పుస్తకాల్లో ఒక్క హంతకుణ్ణీ వదల్లేదు మరి.
బొమ్మలో మాత్రం కళ్ళజోడే,
జోడులో రెండు తెల్ల సున్నాలు,
సిరా తగలని ఉత్త కాగితం.

రాజోలు బస్టాండు పక్కన
ఆరడుగుల బడ్డీలో నా అద్దె పుస్తకాలు.
రోజుకి పావలా.
అట్ట చిరిగితే అర్ధరూపాయి,
బొమ్మల మీద గీస్తే రూపాయి జరిమానా అని
నేనే పలక మీద రాసి వేలాడగట్టాను.
ఒక్క రూపాయీ వసూలు కాలేదండీ.
గీసిందెవరో నాకు తెలిసేది,
అడగబుద్ధయ్యేది కాదు.

పీచు ఫ్యాక్టరీ మంగాయమ్మ తీసుకెళితే
నిరంజన్ కాటుక పెట్టుకుని తిరిగొచ్చేవాడు.
వాడి పేరులోనే అంజనం లేదని ఆవిడకెవరు చెబుతారు?
పంటు నడిపే ఏసుపాదం
కళ్ళు రెండూ పక్కకి తిప్పి గీసేవాడు,
అవతలి రేవులో ఎవరో చెయ్యూపుతున్నట్టు.
టైపు నేర్చుకునే అనసూయది ఎర్ర సిరా,
ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు,
అదీ మూడో అధ్యాయంలో, ఇంకా ఎవరూ చావకుండానే.
కంపౌండరు పేర్రాజుగారు కళ్ళు గీయరు.
సున్నాలో ఒక కిటికీ, కిటికీలో కొబ్బరి మట్ట.
అద్దం మీద వెలుగు పడితే ఏం కనిపిస్తుందో అదే.
ఆయనదీ సోడాబుడ్డి జోడే.
ఇరవయ్యేళ్ళ పరిచయంలో
ఆయన కళ్ళు నేను చూసింది లేదు.

ఒకసారి పనుండి రేవు దాటి నరసాపురం వెళ్ళి
ఆ బొమ్మలాయన్ని వెతికి పట్టుకున్నాను.
నిచ్చెనెక్కి గోడ మీద
ఎరువుల బస్తా వేస్తున్నాడు.
"కళ్ళెందుకు దాచేశారండీ?"
"దాచడమేంటండీ, చవక కాగితం.
కనుపాప పెడితే చాలు,
పీల్చేసుకుని మసిబొట్టయి కూర్చునేది.
హీరో కంట్లో పువ్వేశానని పబ్లిషరు గోల.
జోడు తగిలించి ఊరుకున్నాను."
కిందకి దిగి, చేతులు తుడుచుకుంటూ కలిపాడు:
"అయినా, కనిపెట్టేవాడి చూపు కనపడకూడదు కదండీ."
అది అప్పటికప్పుడు అల్లినట్టుంది.

ఎనభై ఆరు ఆగస్టులో గోదారి
మా బడ్డీలోకి వచ్చింది,
నడుం లోతు, అద్దె కట్టకుండా.
నాలుగు రోజులు చదివింది.

నీళ్ళు తీశాక
పీచు తాళ్ళు కట్టి పుస్తకాలు ఆరేశాను.
పేజీలు అప్పడాల్లా వంకర్లు పోయాయి.
అచ్చుసిరా నూనెది, కదల్లేదు.
పెన్ను సిరా పోయింది.
కాటుక పోయింది. ఏసుపాదం రేవు పోయింది.
అనసూయ ఎరుపు పక్క పేజీలోకి జారి
ఎవరిదో చొక్కా మీద పడింది,
కథలో హత్య జరిగేది అక్కడ కాదు.
తాడు పొడుగునా ఎండలో నిరంజన్‌లు,
మళ్ళీ ఆ తెల్ల సున్నాలతో,
చూస్తున్నారో లేదో తెలియకుండా.

పేర్రాజుగారు వచ్చారు,
కలరా సూదుల పెట్టె చంకలో.
తన కిటికీ కోసం వెతికారు. లేదు.
జోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.
చిన్న కళ్ళు. వెలుతురుకి ఓర్వనివి.
ఎవరో స్నానం చేస్తుంటే చూసినట్టయి
నేను పక్కకి తిరిగాను.

ఒక్కటి మిగిలింది.
రెండొందల పన్నెండో నంబరు, నలభై ఏడో పేజీ.
ఆ కళ్ళెవరివో నాకెప్పుడూ అంతుపట్టలేదు,
ఇప్పుడు తిరగేద్దామంటే ఖాతా పుస్తకం కూడా లేదు.
రెండు సున్నాల్లో రెండు వంపు గీతలు.
పెన్సిలు. నీళ్ళకి పోదు.
తుపాకీ గురిపెట్టిన మనిషి ఎదుట
మోకాళ్ళ దాకా బురద మరకతో నిరంజన్,
జోడు తీయకుండానే
నిద్రపోతున్నాడు.